చుక్కరాతిలో మరకతవల్లి

అనగనగా ఒక రాజు. రాజన్నాక కొడుకులుండాలిగా, ముగ్గురున్నారు. చిన్నవాడు నీలకేతు పెళ్లిపీటల మీద కూర్చోబోతుండగా, ఉల్కాక్షుడనే మాంత్రికుడు పెళ్లికూతురు, పొరుగురాజు ఒక్కగానొక్క కూతురు మరకతవల్లిని ఎత్తుకుపోయి, ఆకాశం నుంచి రాలిన చుక్కరాతిలో దాచేశాడు. ఆ రాయి సగం ఇనుము, సగం ఆకుపచ్చ పలుకులు. ఇనుము లోపల కంటికి కనపడని అల్లిక ఉంది. మాంత్రికుడి ప్రాణం ఆ అల్లికలోనే, అది కంటపడితే చస్తాడు! "దాన్ని బయటపెట్టినవాడిదే పిల్ల, చెడగొట్టినవాడు శిల!" అని విర్రవీగాడు.

అన్నదమ్ములు ఏడు సముద్రాలు దాటి మాంత్రికుడి కోటకు వెళ్లారు. పెద్దవాడు రాతిలో ఒక పెళ్ల విరిచి కొలిమిలో పెట్టాడు. ఆ పెళ్లలో అల్లిక చెరిగిపోయింది. వాడు అక్కడే శిల. రెండోవాడు ఇంకో పెళ్ల విరిచి సమ్మెటతో బాదాడు. పచ్చ పలుకులు పొడుమైపోయాయి. వాడూ శిలే.

నీలకేతు రాతికి చెవి ఆన్చాడు. లోపల గాజుల గలగల! బావురుమన్నాడు.

"ఏడుపు తర్వాత" అంది గోడమీది ఉడుము. "ఆకాశంలో యుగయుగాలు మెల్లగా చల్లారుతూ అల్లుకున్న ఇనుము నాయనా. నిప్పు తగిలితే అంతే! మీ ఊళ్లో కత్తి మీద నీటిచారలు ఎలా తేలుస్తారు?"

"సానపట్టి, పులుపు పూసి."

"మరింకేం, కూర్చో!"

కూర్చున్నాడు. సానమీద రాయి అరిగేది గోరంత, దిగులు పెరిగేది కొండంత. గాజుల చప్పుడే అన్నమూ నీళ్లూ.

మాంత్రికుడు వచ్చాడు. "అల్లుడూ, కొలిమి రాజేశాను. చిటికెలో పని!"

"ముందు నీ గడ్డం పెట్టి చూపించు, మామా!"

మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే మాట అనిపించుకున్నాడు. మూడోసారి వచ్చేసరికి గాజులు ఆగిపోయాయి.

"పాపం, పిల్లకు ఊపిరాడటం లేదేమో!" అన్నాడు మాంత్రికుడు.

నీలకేతు ఆగలేకపోయాడు. రాయెత్తుకుని కొలిమి వైపు పరుగెత్తాడు. ఉడుము గబుక్కున కాలు పట్టుకుంది. ఉడుంపట్టు అంటే తెలుసుగా! ఎంత విదిలించినా వదిలితేనా? కళ్లు తుడుచుకుని మళ్లీ సాన ముందు కూర్చున్నాడు.

రాయి పల్చటి పలక అయ్యింది. నిమ్మరసం పూశాడు. చాప అల్లినట్టు గీత మీద గీత తేలింది. గీత గీతకూ కొంత కరిగి, ఆఖరి గీతకు ఉల్కాక్షుడు పొగైపోయాడు. పలకను ఎండకు ఎత్తి పట్టగానే పచ్చ పలుకులు దీపాల్లా వెలిగాయి. ఆ వెలుగులోంచి మరకతవల్లి దిగింది. అన్నలిద్దరూ ఆవలిస్తూ లేచారు.

"గాజులెందుకు ఆపావు?" అన్నాడు నీలకేతు.

"నువ్వు సానపట్టే చప్పుడు బాగా వినపడాలని."

పెళ్లి ఘనంగా జరిగింది. ఉడుముకు మొదటి పంక్తిలోనే విస్తరి వేశారు. నీలకేతూ మరకతవల్లీ ఆమె పుట్టింటి రాజ్యాన్ని తలలు నెరిసేదాకా చల్లగా ఏలుకున్నారు.