పేరయ్య ముట్టని కొసరు

అనగనగా, ఎక్కడో వాగు ఒడ్డున, ఒక ఊళ్ళో పేరయ్య అనే కుమ్మరి ఉండేవాడు. దగ్గరికి జరగండర్రా, నడుం లాగుతోంది, గట్టిగా చెప్పలేను. మీరు ఊ కొట్టండి చాలు.

పేరయ్య ఒట్టి మొండివాడు. కుండకి కుండెడు గింజలు కొలిపించుకునేవాడు. పైన ఎవరైనా గుప్పెడు కొసరు వేస్తే తిరిగి వాళ్ళ సంచిలోనే పోసేవాడు. తనూ ఎవరికీ కొసరుగా చిన్న మూకుడైనా ఇచ్చేవాడు కాదు. కష్టపడింది తింటాను, కష్టపడనిది ముట్టను అనేవాడంట. ఆయన కుండలు అచ్చు గుద్దినట్టు ఒక్కలాగే ఉండేవి. నీళ్ళు కారేవి కావు. అయినా రెండోసారి చూడబుద్ధయ్యేది కాదు.

ఒక ఏడాది కుడిచెయ్యి పడిపోయింది. కోడలు నాంచారి గంజి తెస్తే, పని చెయ్యనివాడికి గంజెందుకని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. పెదాలు ఎండిపోయాయి. ఇంకో రోజైతే మనిషి దక్కడు. ఊ కొడుతున్నారా?

నాంచారి ఏడవలేదు. పక్కన కూచుని అడిగింది.

“మావా, ఇన్నాళ్ళూ నీకు తిండెవరు పెట్టారు?”

“నా కుండ పెట్టింది.”

“కుండనెవరిచ్చారు?”

“మట్టి ఇచ్చింది.”

“మట్టిని మెత్తన చేసిందెవరు?”

“వాగు నీళ్ళు.”

“వాగుకి నీళ్ళెవరిచ్చారు?”

“వానే, పిచ్చిదానా.”

“మరి వానకి నువ్వేం కొలిచావు మావా?”

పేరయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో నాంచారి గంజి పోసేసింది. నవ్వకండి, పాపం, మింగాడు.

నాలుగు రోజులకి లేచి కుమ్మరి సారె ముందు కూచున్నాడు. నాంచారి తిప్పింది, ఆయన ఎడంచెయ్యి పెట్టాడు. ఆ చేతికి అలవాటు లేదు. ముంత మెడ ఒక పక్కకి ఒరిగింది, ఎవరో పిలిస్తే పిల్ల తల తిప్పి చూసినట్టు. దాన్ని కాల్చి బయట పెడితే, నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళు బిందెలు దించి మరీ చూశారు. గింజలెన్ని కొలవాలని ఒకామె అడిగింది. ఆ ఒంపు తన పనితనం కాదని పేరయ్యకి తెలుసు. కాసేపు చూసుకుని, ఇది కొసరమ్మా, పట్టుకుపో అన్నాడంట. జన్మలో మొదటిసారి.

ఆ తర్వాత అందరూ చల్లగా ఉన్నారు.

చర్చిలో అయ్యగారు కృప, కృప అంటుంటే ముప్పై ఏళ్ళు నాకు బోధపడలేదు. నేనూ మొండిదాన్నేగా. కొసరు అనుంటే ఎప్పుడో తెలిసేది. నిద్రా అంతే, మనం సంపాదించేది కాదు.

కథ కంచికి పోయింది. నాకు మాత్రం కాళ్ళు లేవడం లేదు. దుప్పటి కొంచెం ఇటు లాగండి.