‘పెద్ద’ అన్న మాట ఎవరిది?

బిరుదులకు కొదవలేని ఒకానొక రాజ్యంలో వీరకేసరి అనే రాజు ఉండేవాడు. ఒకనాడు ఆయన ఏనుగెక్కి ఊరేగుతుంటే జనంలోంచి మాట వినబడింది.

“జరగండి, జరగండి. పెద్దాయన వస్తున్నారు.”

రాజు మీసం దువ్వుకున్నాడు. కానీ జనం దారి ఇచ్చింది ఆయనకు కాదు, సందులోంచి కర్ర పోటేసుకుంటూ వస్తున్న చెన్నప్పకు. ఊరందరికీ బావులు తవ్వి నడుం వంగిపోయిన ముసలివాడు. ఏనుగును చూసి దండాలు పెట్టినవాళ్లే అతన్ని చూసి నవ్వారు, చెయ్యి అందించారు.

ఆ పూట నుంచి రాజుకు అన్నం సహించలేదు. ఏనుగు లేదు, ఈటె పట్టిన భటుడు లేడు, ఆ ముసలాడికి ఆ మాట ఎలా దక్కింది? భటులు వెనక లేకపోతే తనను చూసి ఎవరైనా అలా నవ్వుతారా?

దండోరా వేయించాడు. “‘పెద్ద’ అన్న మాట ఇకమీదట ప్రభువులదే. మరొకరిని అలా పిలిచినవారికి, ఆ పిలుపుకు పలికినవారికి దేశబహిష్కారం.”

మర్నాడే వీధిలో ఎవరో ‘పెద్దాయనా’ అన్నారు. అన్నవాళ్లు భటులకు దొరకలేదు. ‘ఆఁ’ అన్న చెన్నప్ప దొరికాడు. అతన్ని సభకు పట్టుకొచ్చారు.

“సాయంత్రానికి పొలిమేర దాటించండి,” అన్నాడు రాజు.

అప్పుడే ఆస్థాన విదూషకుడు పేరిభట్టు సభలోకి వచ్చాడు. వెంట నలుగురు ముత్తైదువలు, చేతుల్లో పసుపు, నువ్వుల చిమ్మిలి పళ్లెం, తాటాకు చాప.

“ఏమిటయ్యా ఈ సంత?”

“ప్రభువులు పెద్దమనిషి అయ్యారు కదా. ఆడవాళ్లు సంబరపడి చిమ్మిలి దంచుకొచ్చారు. తమరు ఈ చాప మీద కూర్చోవాలి. కదలకూడదట.”

సభంతా పెదవులు కొరుక్కుంది.

“అది ఆడపిల్లలకు చేసే వేడుక!”

“మొన్నటిదాకా, ప్రభూ. ఇప్పుడు ‘పెద్ద’ ఎక్కడున్నా తమదే. పెద్దకర్మకు పురోహితుణ్ణి కూడా మాట్లాడి వచ్చాను. ఊళ్లో ఎవరు పోయినా అది తమరికే చెయ్యాలి.”

“నేను బతికుండగానా?”

“దండోరాలో ఆ మినహాయింపు లేదు మరి. ఇంకోటి. తమరు ఏ ఆజ్ఞ ఇచ్చినా ఇకనుంచి జనం ‘పెద్ద చెప్పొచ్చాడండీ’ అంటారు. ఇంకెవర్నైనా అంటే నేరమాయె, పాపం ఏం చేస్తారు?”

ఒక ముత్తైదువ కిసుక్కుమంది. రాజు ముఖం కందగడ్డ అయింది. సింహాసనం దిగి నేరుగా చెన్నప్ప ముందుకొచ్చాడు.

“నిజం చెప్పు. ఆ మాట నీకెవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదు బాబూ. బావిలోకి దిగినప్పుడు పైన తాడు పట్టినవాళ్లు ‘పెద్దాయనా, ఉన్నావా?’ అని కేకేస్తారు. పలక్కపోతే పోయాననుకుంటారు. అందుకని ‘ఆఁ’ అంటాను. ఆ అలవాటు పోలేదు.”

ఇంతలో భటులు ముసలాయన రెక్క పట్టి లాగారు. నున్నటి రాతి మీద కర్ర జారింది. రాజు చప్పున వంగి అతని చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

“చూసుకో, పెద్దాయనా.”

“ఆఁ,” అన్నాడు చెన్నప్ప.

సభ బిగుసుకుపోయింది. పేరిభట్టు మెల్లగా దగ్గరకొచ్చాడు.

“ప్రభూ, తమరి మూట నేను సర్దనా, రాణిగారు సర్దుతారా?”

రాజు నవ్వాడు. కిరీటం పక్కకు ఒరిగేంతగా నవ్వాడు. దండోరా రద్దు చేసి, చేతి కంకణం తీసి పేరిభట్టు చేతికి తొడిగాడు. ఆ చిమ్మిలి మొదటి ముద్ద చెన్నప్పకు పెట్టి, తానే గుమ్మం దాకా సాగనంపాడు.

“జరగండి, పెద్దాయన వస్తున్నారు,” అన్నారు బయటి జనం.

రాజు కూడా జరిగాడు.