పేరయ్య పొట్ట, గేదె పథ్యం

సన్నవరంలో తెలివంటూ ఉంటే అది బియ్యం మిల్లు పేరయ్యగారింట్లోనే ఉందని ఆ ఇంట్లోవాళ్ళ గట్టి నమ్మకం. ఊళ్ళో ఎవర్నీ అడగలేదు. అడిగితే చెప్పడానికి వాళ్ళకి తెలివుండాలి కదా!

ఆ తెలివంతా వంటింట్లో కనిపించేది. బియ్యం మల్లెపువ్వులా అయ్యేదాకా మరపట్టేవారు. పప్పుకి పొట్టు, వంకాయకి తొక్క, జామపండుకి గింజ, ఏదీ మిగలనిచ్చేవారు కాదు. తీసిందంతా గేదెకి. "పెద్దింటి తిండంటే నున్నగా జారాలి," అనేవాడు పేరయ్య.

గొంతుదాకా బాగానే జారింది. అది దాటాక అంతా కదలడం మానేసింది. పొట్ట బిగుసుకుపోయి పేరయ్యకి ముద్ద దిగడం లేదు. చూస్తే మేనకోడలి పెళ్ళి ముంచుకొస్తోంది. పూతరేకులు, పులిహోర, బూందీ లడ్డూలు! విందులో కూర్చోలేనేమోనని ఆయన బెంగ ఇంతా అంతా కాదు.

"మీ తిండిలో పీచే లేదు," అంది డాక్టరమ్మ. "పీచు అరగదు. నీళ్ళు పీల్చుకుని, లోపలున్నదాన్ని మెత్తబరిచి ముందుకి తోస్తుంది. దంపుడు బియ్యం, రాగులు, పొట్టు మినప్పప్పు, ఆకుకూరలు తినండి. ఇకమీదట తొక్కలూ పొట్టూ పారేయకండి."

"ఆయ్, పారెయ్యవండి," అంది పేరయ్య పెళ్ళాం బుల్లెమ్మ.

అంతే. పారెయ్యలేదు. బీరతొక్కు వీధిగదిలో, సొరతొక్కు మంచం కింద, మినపపొట్టు దేవుడి గూట్లో. అన్నం మాత్రం ఎప్పటి తెల్లన్నమే. పేరయ్య మంచమ్మీద పడుకుని, "తొయ్యండి తల్లీ, తొయ్యండి," అని తొక్కలకి దణ్ణాలు పెట్టాడు. అవి తొయ్యలేదు, కుళ్ళాయి. కొట్టంలో గేదె ఆకలికి అరుస్తోంది.

డాక్టరమ్మ వచ్చి ముక్కు మూసుకుంది. "దాచుకోమన్లేదయ్యా, తినమన్నాను! ఇన్నాళ్ళూ సారమంతా గేదెకి పెట్టి పిప్పి మీరు తిన్నారు. దానికెప్పుడైనా ఈ బాధ వచ్చిందా? అది తినేది మీరూ తినండి, బాగుపడతారు!"

ఇంకేముంది! పేరయ్యని గేదె పక్కన తొట్టి దగ్గర కూర్చోబెట్టారు. తవుడు, చిట్టు, ఆపైన ఎండుగడ్డి.

"నిదానంగా నవలండి, దాన్ని చూసి నేర్చుకోండి," అంది బుల్లెమ్మ. తమ్ముడు గంగులు వెనక నిలబడి తాడుతో ఈగలు తోలాడు. అన్నయ్యకి తోక లేదు కదా పాపం!

సాయంత్రానికి పొట్ట డప్పయింది. గంగులు డాక్టరమ్మకి ఫోను చేశాడు.

"గడ్డి తినిపించారా! నీళ్ళయినా పట్టించారా? నీళ్ళు లేకపోతే పీచు లోపలే గట్టిపడుతుందయ్యా. ముందు పొట్టలోకి నీళ్ళు పొయ్యండి!"

"పొట్టలోకా?" గంగులు తల గోక్కున్నాడు. "నోరు ఎక్కడో పైనుంది వదినా. బొడ్డయితే దగ్గర."

అంతే. బొడ్డులో గరాటు పెట్టి బిందెలు గుమ్మరించారు. చక్కిలిగింతలకి పేరయ్య నోరంతా తెరిచి నవ్వాడు. చిందిన నీళ్ళలో సగం ఆ నోట్లోకే పోయాయి. తెల్లారేసరికి పని జరిగింది. బొడ్డు మహిమేనని ముగ్గురూ ఒప్పుకున్నారు.

పెళ్ళినాడు పేరయ్య పందిట్లోకి గేదెని తోలుకొచ్చాడు.

"ఇదెందుకు బావా?" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

"పథ్యం బావా. అది తినేదే నేను తినాలి. దానికీ ఓ ఆకు వెయ్యి. లడ్డూలు బాగా వడ్డించు!"

గేదె ముందు అరిటాకు పరిచి అన్నీ వడ్డించారు. పేరయ్య తన ఆకు ముందు కూర్చుని ఊపిరి బిగబట్టాడు. గేదె లడ్డూ వాసన చూసింది. మూతితో అవతలకి నెట్టింది. పూతరేకునీ నెట్టింది. తర్వాత అరిటాకు పరపరా నమిలేసింది.

పేరయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్ని బాధలు పడింది ఈ లడ్డూ కోసమే. దాన్ని ఒక్కసారి ముద్దుపెట్టుకుని, పక్కన పెట్టాడు. పులిహోర దులిపేశాడు. ఖాళీ ఆకుని చుట్టచుట్టి కొరికాడు.

"ఈనె వదిలేస్తున్నారేంటండీ?" కసిరింది బుల్లెమ్మ. "పీచంతా దాన్లోనే ఉంది!"