ఆవిరి తాగి బతికే అత్తగారు

అనగనగా ఒక ఊరు. పేరు పెట్టే వేళకి ఆకలేసిందేమో, పెట్టినాయన దానికి అంబలిపాడు అని పెట్టాడు. ఆ ఊరి మీదుగా ఉప్పుబళ్ళ బాట. సముద్రం దగ్గర్నుంచి సంతకి నాలుగు రోజుల ప్రయాణం. ఆ దారి పొడుగునా ఊరికే అన్నం పెట్టే చోటు ఒక్కటే, నరసాయమ్మ పొయ్యి.

దుప్పటి ఒకటే ఉంది, అటూ ఇటూ లాక్కోకండి, చిరుగుతుంది. ఊ కొట్టండి మరి.

ఆ నరసాయమ్మ భర్త పోయినావిడ. ఓ కరువేడు బాట పక్కన మనుషులు సొమ్మసిల్లి పడిపోతుంటే చూడలేక ఇంటిముందు పొయ్యి పెట్టింది. పొయ్యైతే పెట్టింది, బియ్యమో? ఇల్లిల్లూ తిరిగింది. ఎక్కువేం అడగలేదు. అమ్మా, ఎసట్లో బియ్యం పోసేముందు ఒక్క పిడికెడు తీసి చిన్నకుండలో వేసి ఉంచండి, శుక్రవారం వచ్చి పట్టుకుపోతాను అంది. పిడికెడే కదా, ఎవరు కాదంటారు? అందరూ వేశారు. పిడికిట్లోంచి కుండలోకి, కుండలోంచి బుట్టలోకి, బుట్టలోంచి గంగాళంలోకి, గంగాళంలోంచి దొప్పలోకి, దొప్పలోంచి కడుపులోకి. అలా పాతికేళ్ళు ఆ పొయ్యి ఆరలేదు.

వచ్చినవాళ్ళందరికీ పోసి, చిట్టచివర గంగాళం అడుగున మిగిలిన గంజి ముంతెడు తాను తాగేది. అది ఒక బండివాడు చూశాడు. నరసాయమ్మ రోజంతా ముంతెడు గంజితో ఉంటుందని పక్కూళ్ళో చెప్పాడు. పక్కూళ్ళో ముంతెడు కాస్తా గరిటెడైంది. ఆ పై ఊళ్ళో గరిటెడు కాస్తా చెంచాడైంది. సముద్రం దగ్గరికి చేరేసరికి గంజి మొత్తం ఇగిరిపోయింది. ఆ మహాతల్లి ఏమీ తినదు, గంగాళం మీద ఆవిరి తాగి బతుకుతుందిట అని చెప్పుకున్నారు.

ఆ మాట తిరిగి తిరిగి అంబలిపాడుకే వచ్చింది. నిజమేనా అని అడిగినవాళ్ళకి నరసాయమ్మ ఔననలేదు, కాదనలేదు. ముసిముసిగా నవ్వి పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. ఆ నవ్వుకి ఊరు పరవశించిపోయింది. ఆవిరి తాగే మనిషికి చిన్న పిడికిలి వేస్తే పాపమని, వేళ్ళు చాచి చాచి పెద్ద పిడికిళ్ళు వేశారు.

ఊ కొడుతున్నారా, నిద్రపోయారా? చిక్కు ఇప్పుడొస్తుంది.

ఆవిరి తాగే నరసాయమ్మ ఏటికేడాది గుండ్రమవుతోంది. మొదట చేతి కడియం బిగిసింది. తర్వాత రవిక కుట్లు వదిలాయి. ఆ తర్వాత పెరటి గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావలసి వచ్చింది. ఊరంతా చూస్తూనే ఉంది, ఎవరికీ ఏమీ తోచలేదు. నమ్మకం ఉన్నంతకాలం కళ్ళు పని చెయ్యవు.

ఒకనాడు కరణంగారింట్లో పిల్లకి బారసాల. నట్టింట్లో ఉయ్యాల బల్ల కట్టారు. పెద్దావిడ కదా అని ముందు నరసాయమ్మని కూర్చోబెట్టారు. కూర్చుంది. ఒక్క ఊపు ఊగింది. తాడు తెగింది. బల్ల ఓ పక్కకి, ఆవిడ ఓ పక్కకి, తాంబూలం పళ్ళెం ఇంకో పక్కకి. వక్కలు దొర్లుకుంటూ వీధిలోకి పోయాయి.

అందరూ ఆవిడని లేవదీస్తున్నారు. కరణంగారి భార్య సుబ్బరత్నం మాత్రం తెగిన తాడు చేత్తో పట్టుకుని, ఆవిరికి ఇంత బరువుంటుందా అంది.

ఆ ముక్క చాలింది. ఉయ్యాల దగ్గర్నుంచి నూతి దగ్గరికి, నూతి దగ్గర్నుంచి రేవు దగ్గరికి, రేవు దగ్గర్నుంచి మంగలి కత్తి దగ్గరికి పోయింది. మన బియ్యం బండివాళ్ళ పొట్టల్లోకి కాదు, ఆవిడ పొట్టలోకి పోతున్నాయని ఒకరన్నారు. నాకెప్పట్నుంచో అనుమానమే అని అందరూ అన్నారు. నిండు పిడికిలి వదులు పిడికిలైంది, వదులు పిడికిలి మూడు వేళ్ళైంది, మూడు వేళ్ళు చిటికెడైంది. గంజి పల్చబడింది. ఎంత పల్చబడిందంటే, దొప్పలో బండివాళ్ళ మొహాలు బండివాళ్ళకే కనిపించాయి. ఒకాయన అందులో చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

ఇదంతా చూసి కోడలు వరాలు లోపల్లోపల నలిగిపోయింది. కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల. మొగుడు బండి కట్టుకుని ఉప్పుకి పోయాడు, మనసు విప్పి చెప్పుకోడానికి మనిషి లేడు. ఆ పిల్ల ఆరేళ్ళప్పుడు ఇంకో కరువొచ్చింది. అప్పుడు నాన్న భుజాన కూర్చుని ఈ బాటనే పోతూ ఈ పొయ్యి దగ్గరే గంజి తాగింది. తాగి బతికింది. పెళ్ళిమాటలప్పుడు పిల్లాడు ఎలా ఉంటాడని అడగలేదు, ఆ పొయ్యి ఉన్న ఇల్లేనా అని అడిగింది. ఇప్పుడా పొయ్యి ఆరిపోయేలా ఉంది. దానికన్నా పెద్ద దిగులు ఇంకోటి. ఊరనేది నిజమైతే?

నూతి దగ్గర సుబ్బరత్నం చేద వదిలి మరీ పలకరించేది. ఏమే వరాలూ, మీ అత్త ఆవిరిని ఉత్తిదే తాగుతుందా, పెరుగేసుకుంటుందా అని. ఆవకాయ నంజుకుంటుందేమో అని ఇంకో ఆవిడ అందుకునేది. వరాలు బిందె నిండకుండానే ఇంటికొచ్చేసేది.

చివరికి సంగతి రాజుగారి దాకా వెళ్ళింది. ఆ రాజుగారికి తూకం వెర్రి. పొద్దున లేవగానే పిల్లిని తూచేవాడు, భోజనానికి ముందు మంత్రిని తూచేవాడు, భోజనం తర్వాత మంత్రిని మళ్ళీ తూచేవాడు. బుధవారంనాడు దండోరా వేయించాడు. శుక్రవారం పొద్దున్నే బెల్లం తూచే పెద్ద తక్కెడలో నరసాయమ్మని తూస్తారు. తూచి గదిలో పెట్టి తాళం వేస్తారు. లోపల ఉడికే గంగాళం ఒకటి పెడతారు, ఆవిరి ఎంత కావాలంటే అంత. ఎనిమిదో రోజు మళ్ళీ తూస్తారు. తగ్గకపోతే మహాతల్లి. తగ్గిందా, ఇన్నాళ్ళూ ఊరి బియ్యం తిన్నట్టే. పొయ్యి కూలగొట్టి, గంగాళం కోటకి పట్టుకుపోతారు.

నవ్వకండి. రాజులు అలాగే ఉంటారు.

దండోరా విని నరసాయమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. రోజూలాగే, బండివాళ్ళు వెళ్ళిపోయాక, మధ్యాహ్నంపూట పెరట్లో పాకలోకి వెళ్ళి గడియ వేసుకుంది. జపం చేసుకుంటానని చెబుతుంది రోజూ. జపానికి పొగ ఎందుకొస్తుందో, ఆ పొగలో మినప వాసన ఎందుకుంటుందో కోడలు ఎప్పుడూ అడగలేదు. ఆరోజు కాళ్ళు ఆగలేదు. వెళ్ళి తడిక సందులోంచి చూసింది.

చూస్తే ఏముంది? పొయ్యి మీద ఇత్తడి మూకుడు. మూకుడు మీద మూత, మూత మీద నిప్పులు. అత్త మూత తీసింది. లోపల దిబ్బరొట్టె. అరచేయి మందం, అంచంతా ఎర్రగా, నడుమ పొంగి, దూదిలా. పక్కన గిన్నెలో చెరకుపానకం. రొట్టె తుంచి పానకంలో ముంచి నోట్లో పెట్టుకుని, నరసాయమ్మ హాయిగా కళ్ళు మూసుకుంది.

వరాలు తడిక పట్టుకుని అక్కడే కూలబడింది. తడిక కూడా కూలబడింది. పాక తలుపు అడ్డంగా పడింది, అత్తాకోడళ్ళు ఎదురూబొదురూ.

"ఎన్నాళ్ళ నుంచత్తా?" అంది వరాలు.

"పొయ్యి పెట్టిన దగ్గర్నుంచీ. ఇంత గంగాళం తిప్పాలంటే ఆకలి వెయ్యదటే?"

వరాలు రొట్టెముక్క తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది. బియ్యపురవ్వ తగుల్తుందని భయం. తగల్లేదు. మొరటుగా తగిలింది, చూస్తే పచ్చగా ఉంది. జొన్నరవ్వ. నరసాయమ్మకి పుట్టింటివాళ్ళిచ్చిన మెట్ట పొలం చెక్క ఒకటుంది. ఆ చెక్కలో సగం జొన్న, సగం మినుము. అంబలిపాడులో జొన్న తినే ఇల్లు ఇంకోటి లేదు, ఏ చిన్నకుండలోనూ జొన్నగింజ పడదు. వరాలుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ ముక్క నోట్లో వేసుకుంది. బాగుంది కూడాను.

అప్పుడు నరసాయమ్మ కోడలి చెయ్యి పట్టుకుని బతిమాలింది. ఎనిమిది రోజులు ఆవిరితో ఉంటే నేను చిక్కిపోతాను, పొయ్యి పోతుంది. రోజూ ఓ రొట్టె కొప్పులో దాచి తెచ్చిపెట్టవే, నీ జుట్టు ఒత్తు, పడుతుంది అంది. కొప్పులో పట్టకపోతే నీళ్ళబిందె అడుగున పెట్టమంది. వరాలు తెస్తాననలేదు, తేననలేదు. అత్త నవ్వు అత్తకే నవ్వి, వెళ్ళి మినప్పప్పు నానబోసింది. ఓ సోలెడు కాదు, ఇంట్లో ఉన్నదంతా.

ఊ? బుజ్జీ, నువ్వు ఊ కొడుతున్నావా, నోరూరి చప్పరిస్తున్నావా?

శుక్రవారం తెల్లారింది. రచ్చలో తక్కెడ కట్టారు. ఓ పళ్ళెంలో బెల్లం బుట్టలు, ఓ పళ్ళెంలో నరసాయమ్మ. రాజుగారు ముల్లు దగ్గర కన్ను పెట్టి కూర్చున్నాడు. సుబ్బరత్నం సాక్ష్యానికి తెగిన తాడు తెచ్చుకుంది. బండివాళ్ళు బళ్ళాపి చూస్తున్నారు. నరసాయమ్మ తక్కెడలోంచి కోడలికోసం చూస్తోంది. కొప్పు ఎంత లావుందో చూద్దామని ఆవిడ ఆత్రం.

అదిగో, వరాలు వస్తోంది. కొప్పులో పువ్వు తప్ప ఏమీ లేదు. నెత్తిమీద చుట్టకుదురు, దానిమీద మూకుడు, మూకుడు మీద మూత, మూత మీద నిప్పులు, నిప్పుల మీద పొగ. నడివీధిన, అందరూ చూస్తుండగా. తక్కెడలో నరసాయమ్మ గతుక్కుమని కదిలింది, ముల్లు గిర్రున తిరిగింది, రాజుగారి ముక్కుకి తగిలింది.

వరాలు మూకుడు దింపి మూత తీసింది.

"ఇదీ మహాప్రభో, మా అత్త తినేది. రోజుకొకటి. పండగైతే రెండు."

తక్కెడ గొలుసు కిర్రుమంది. ముందు తేరుకున్నది సుబ్బరత్నమే. దిబ్బరొట్టెకి రవ్వ కావాలిగా, ఆ రవ్వ ఎవరింటి బియ్యందో అడగండి మహారాజా అంది. వరాలు అడిగించుకోలేదు. విరిచి చూడండి అని ముక్క చేతికిచ్చింది. రాజుగారు ముందు నేను చూస్తానని తీసుకుని, చూశాడు, వాసన చూశాడు, కొరికాడు. జొన్న అన్నాడు. ఇంకోసారి కొరికాడు. జొన్నే అన్నాడు. అలా జొన్న, జొన్న అంటూ మొత్తం తినేశాడు. మాకు చూపించకుండా సాక్ష్యం మింగేస్తే ఎలాగని సుబ్బరత్నం నిలదీసింది. న్యాయమే అనిపించింది అందరికీ. వరాలు ఇంట్లో రుబ్బి ఉంచిన పిండీ పానకమూ తెప్పించి, అక్కడే మూడు రాళ్ళు పెట్టి రెండో రొట్టె వేసింది. అది సుబ్బరత్నం తింది, జొన్న అంది. మూడోది కరణంగారు తిన్నారు. నాలుగోది మంగలి. ఐదోది బండివాళ్ళు. మేమూ సాక్షులమే అంటూ ఊరంతా వరస కట్టింది. నిన్నటిదాకా సాక్ష్యం చెప్పడానికి ఒక్కడు లేడు, ఇప్పుడు ఒకాయన రెండుసార్లు చెప్పాడు, రెండోసారి పానకంతో.

ఇంత సందడిలో నరసాయమ్మని దింపటం మర్చిపోయారు. ఆవిడ ఆ పళ్ళెంలోనే లేచి నిలబడి, గొలుసు పట్టుకుని మాట్లాడింది.

"ఆవిరి తాగి బతుకుతానని నేననలేదు. కాదని కూడా అనలేదు. మీరు అనుకుంటుంటే నాకు బాగుండేది. అడుగు గంజి ముంతెడు తప్ప ఊరి బియ్యం గింజ ముట్టలేదు గాని, ఆ పొగడ్త మాత్రం పాతికేళ్ళు తిన్నాను. అదే నా తప్పు."

చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఊరు తలొంచుకుంది. సుబ్బరత్నం తాడు కింద పడేసి, ఈమధ్య మాయింటి కుండలో చిటికెడే పడుతోంది వదినా అని మెల్లిగా అంది. తర్వాత ఒక్కొక్కరే అందరూ అన్నారు. ఆవిణ్ణి దించడానికి సుబ్బరత్నమే చెయ్యిచ్చింది.

మరి ఉయ్యాల తాడు సంగతో? రాజుగారికి అదొక్కటే తేలలేదు. కరణంగారింటికి వెళ్ళి, కొత్తతాడు కట్టించి, పరీక్ష కోసమని తానే కూర్చున్నాడు. వరసలో మళ్ళీ మళ్ళీ నిలబడి తిన్న ఆరు రొట్టెల సాక్ష్యం మరి ఆయన పొట్టలో. ఒక్క ఊపు ఊగాడు. బల్ల ఓ పక్కకి, కిరీటం ఓ పక్కకి, రాజుగారు ఇంకో పక్కకి. నేలమీద కూర్చునే తీర్పు చెప్పాడు, తప్పంతా తాడుదేనని. ఆ తర్వాత ఎవర్నీ తూచలేదట. మంత్రి ఇంట్లో పండగ చేసుకున్నారట.

ఆ రోజునుంచీ అంబలిపాడులో కొత్త పద్ధతి వచ్చింది. పాకకి తడిక మళ్ళీ కట్టలేదు. రోజూ గంజి పొయ్యకముందు నరసాయమ్మ అందరి ఎదురుగా పీట వేసుకుని తన రొట్టె తాను తినేది. ఆవిడ చెయ్యి కడుక్కున్నాకే మొదటి దొప్ప లేచేది. పిడికిళ్ళు మళ్ళీ నిండాయి. పిడికిట్లోంచి కుండలోకి, కుండలోంచి బుట్టలోకి, బుట్టలోంచి గంగాళంలోకి. గంజి చిక్కబడింది, మీసం దువ్వుకునే ఆయన అద్దం కొనుక్కోవలసి వచ్చింది. వరాలు మొగుడు ఉప్పుతో తిరిగొచ్చి, ఈ తడిక ఏమైందని అడిగితే, అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

అందుకని పిల్లలూ, పెట్టేవాళ్ళకీ ఆకలేస్తుంది. ఆకలేస్తే చెప్పాలి. లేనిపోని గొప్ప ఎవరైనా మీకు అంటగడితే, నవ్వి ఊరుకోకుండా అప్పుడే కాదని చెప్పెయ్యాలి.

కథ కంచి బండెక్కింది, పోతూ పోతూ ఓ రొట్టె మూటగట్టుకుంది. మనం దుప్పట్లోకి. రేప్పొద్దున్నే మినప్పప్పు నానబోస్తాలే, పడుకోండి.