కుడిపక్క మనిషి

కోటిలింగం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరన్నా ఇబ్బందైన ప్రశ్న అడిగితే, ఆయన చటుక్కున సన్నాయి పీక తీసి నోట్లో పెట్టుకునేవారు. ఆ పీకని ఊదే ముందు కాసేపు నోట్లో నాననివ్వాలి, లేకపోతే పలకదు. నోట్లో పీక ఉన్న మనిషి మాట్లాడలేడు గదా. అడిగినవాడు కాసేపు నిలబడి, మెడ గోక్కుని, తన దారిన పోయేవాడు. జవాబు రాకుండా ఉండదు. ఎప్పుడొస్తుందో, ఏ రూపాన వస్తుందో మాత్రం చెప్పలేం.

ఆ మధ్యాహ్నం రాఘవులు అడిగినదానికి కూడా ఆయన పీక నోట్లో పెట్టుకున్నారు.

"గురువుగారూ, నేను గూడా పడిపోతే తప్ప నా వంక చూడరా?" అని అడిగాడు రాఘవులు.

అడిగేశాక వాడికే సిగ్గేసింది. నలభై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. అయినా మూణ్ణెల్ల నుంచీ ఆ మాట చేపముల్లులాగా గొంతులో గుచ్చుకుంటానే ఉంది. లోపల వసారాలో నులకమంచం మీద భూషణం నిద్రపోతున్నాడు. గురువుగారి భార్య మహాలక్ష్మమ్మ గారు వాడి ముఖం మీద ఈగలు వాలకుండా పైటచెంగుతో విసురుతున్నారు. అది చూసే రాఘవులు నోరు జారాడు.

రాఘవులూ, భూషణమూ ఒకే ఏడు ఆయన దగ్గర చేరినవాళ్ళు. మేళంలో గురువుగారి కుడిపక్క ఎవడు నిలబడితే ఆయన తర్వాత మేళం వాడిదేనని ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. పదేళ్ళు ఆ చోటు భూషణానిది. రాఘవులు ఎడంపక్క. వాయించడంలో ఎవడికెవడు తీసిపోడు. కాకపోతే భూషణం ఊదితే ముసలమ్మలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. రాఘవులు ఊదితే కుర్రాళ్ళు ఈలలేసేవాళ్ళు. ముసలమ్మల కన్నీళ్ళ మీద రాఘవులుకి ఎప్పటినుంచో కన్నుంది.

రెండేళ్ళ కిందట ఒక పెళ్ళిలో, సరిగ్గా జీలకర్రా బెల్లం పెట్టే వేళకి, భూషణం సన్నాయి ఒళ్ళో పెట్టుకుని ఏడవటం మొదలుపెట్టాడు. ఎవరన్నా ఏమన్నా అన్నారా అంటే లేదు. ఎక్కడన్నా నొప్పా అంటే కాదు. ఆ ఏడుపు ఆగలేదు. తర్వాత నిద్ర కరువైంది, తిండి పోయింది. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి నెలల తరబడి ఇటు తిరగలేదు. గాలి సోకిందని ఎవరో తాయెత్తు కట్టారు. గురువుగారు గుంటూరు తీసుకెళ్ళి మనసు డాక్టరుకి చూపించారు. "నరాలు అలిసిపోయినయ్యి, బాగవుతాడు, కానీ తొందరపెట్టకండి," అన్నాడట ఆయన.

భూషణం లేని ఆ కాలమంతా మేళాన్ని రాఘవులే మోశాడు. కుడిపక్క నిలబడ్డాడు. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో రెండు పెళ్ళిళ్ళు వాయించాడు. గురువుగారు ఒక్కసారన్నా "బాగుందిరా" అనలేదు. ఆయన ఎవర్నీ అలా అనరు. అది రాఘవులుకి తెలుసు. తెలిసినా ఎదురుచూశాడు.

మూణ్ణెల్ల కిందట భూషణం కాస్త తేరుకుని మేళానికి తిరిగొచ్చాడు. వాళ్ళింట్లో చూసుకునే దిక్కు లేదని గురువుగారు తనింట్లోనే పెట్టుకున్నారు. ఇక రాఘవులు కళ్ళకి వేరే పనే లేకుండా పోయింది. భూషణం ఆకులో ఊరమిరపకాయ రెండోది పడిందా లేదా. రాగిజావ ముందు ఎవరికి పోశారు. ఆ మేళంలో ఎవడి పీక వాడే చాకుతో గీసి సరిచేసుకోవాలి, గురువుగారు చేరిన మొదటి రోజే చెప్పే మాట అది. రాఘవులు ఇరవై ఏళ్ళుగా వేళ్ళు కోసుకుంటా గీసుకున్నాడు. అలాంటిది భూషణానికి ఆయనే గీసిపెట్టారు, కళ్ళజోడు తుడుచుకుని మరీ.

వాడికి మందులవల్ల చేతులు వణికేవి. సన్నాయి రంధ్రాల మీద వేళ్ళు నిలిచేవి గావు. అందుకని గురువుగారు అటక మీద నుంచి శ్రుతి సన్నాయి దించారు. దాని రంధ్రాలన్నీ మైనంతో మూసేసి ఉంటాయి. అది పాట పలకదు. మేళం వాయిస్తున్నంతసేపూ వెనకాల ఒక్కటే స్వరం, తెగకుండా, బుగ్గల్లో గాలి నింపుకుంటా, ముక్కుతో ఊపిరి తీసుకుంటా ఊదాలి. పేరు రాని పని. తాంబూలం పుచ్చుకునేటప్పుడు గూడా శ్రుతివాడిని చివర పిలుస్తారు.

"చేతులు వణికితే ఏంరా? దీనికి వేళ్ళతో పనేముంది?" అన్నారు గురువుగారు.

మొదటి రోజు భూషణం పది లెక్కపెట్టేలోపు ఆపేశాడు. నెల తిరిగేసరికి వక్క నమిలేంతసేపు పట్టాడు. రెండు నెలలు దాటాక ఒక ఉదయం, పాలు పొంగి, చల్లారి, తోడు పెట్టేదాకా పట్టాడు. పీక తీసి, "ఇంతసేపూ ఏ ఆలోచనా రాలేదు గురువుగారూ," అన్నాడు. మహాలక్ష్మమ్మ గారు లోపలికెళ్ళి దేవుడి ముందు దీపం వెలిగించారు.

"ఒక్క స్వరానికే దీపాలెట్టారు, రెండో స్వరం ఊదితే పూర్ణకుంభం పడతారేమో," అన్నాడు రాఘవులు, డోలు వాయించే దస్తగిరితో.

"ఆ ఒక్కటే నువ్వు పట్టు చూద్దాం అన్నా," అన్నాడు దస్తగిరి, డోలుకి తాళ్ళు బిగించుకుంటా. "నీకు రెండు నిమిషాలకే దురదపుడుద్ది."

రాఘవులు అడిగిన ప్రశ్నకి గురువుగారు ఆ రోజు ఏమీ చెప్పలేదు. పీక బాగా నానాక తీసి, "ఎల్లుండి తేరు గదరా. పెందలాడే రా," అన్నారు. అంతే.

తిరనాళ్ళ రోజు పొద్దున ఎండ చుర్రుమంటోంది. తేరు తాళ్ళు పట్టుకుని జనం నిలబడ్డారు. మేళం తేరు ముందు బారు తీరింది. రాఘవులు జరీ అంచు కండువా వేసుకొచ్చి, ఎప్పటిలాగే కుడిపక్కకి నడిచాడు.

"భూషణం, నువ్విట్రా," అన్నారు గురువుగారు, తన కుడిపక్క చూపిస్తా. రాఘవులుకి ఎడంపక్క చూపించారు.

రాఘవులు ముఖం మాడిన అట్టులాగా అయింది. ఊరంతా చూస్తోంది. ఒక్క స్వరం ఊదేవాడికి కుడిపక్క! భూషణం తలొంచుకుని శ్రుతి ఎత్తుకున్నాడు. గురువుగారు కాసేపు వాయించి, సన్నాయి కండువాలో చుట్టి చంకలో పెట్టుకున్నారు. "ఈ వీధంతా నీదేరా," అన్నారు రాఘవులుతో.

సరే, నాదేగదా అనుకున్నాడు రాఘవులు. చూపిస్తాను.

కాంభోజి రాగం ఎత్తుకున్నాడు. మొదట నెమ్మదిగా, తర్వాత గడ్డివామికి నిప్పంటుకున్నట్టు. వాడి ఓరచూపంతా భూషణం మీదే. భూషణం వేళ్ళు మైనం పూసిన కర్ర మీద వణుకుతున్నాయి. ఇంకాస్త వేగం పెంచితే మేళం నడక గూడా పెరుగుద్ది, భూషణం ఎగశ్వాస వచ్చి ఆపేస్తాడు. ఆపేస్తే గురువుగారికి తెలుస్తుంది, కుడిపక్క ఎవడు నిలవగలడో. రాఘవులు పైకెళ్ళాడు, ఇంకా పైకెళ్ళాడు. కుర్రాళ్ళు ఈలలేశారు. "అన్నా, తేరుని ఈడ వదిలేసి మనమే పోతన్నామే!" అని అరిచాడు దస్తగిరి, చెమట కళ్ళల్లోకి కారతా ఉంటే.

వీధి మలుపు దగ్గర, ఎవరూ అడగని ఒక ఎత్తుకి ఎగబాకాడు రాఘవులు. అక్కడ ఏదో అయింది. పట్టుకున్నాననుకున్న స్వరం చేతికి రాలేదు. చెవుల్లో హోరు. గుండె డోలు కన్నా గట్టిగా కొట్టుకుంటోంది. వేళ్ళు తనవి గావనిపించింది. ఏ రాగంలో ఉన్నాడో, ఎక్కడ దిగాలో, ఎందుకు వాయిస్తున్నాడో ఏమీ తెలియలేదు. చుట్టూ అన్ని వందల మంది జనం, అయినా మెట్టు కనపడని చీకటి బావిలో ఒక్కడే కాలు జారినట్టు. కళ్ళల్లోకి ఊరికే నీళ్ళొచ్చేశాయి. సన్నాయి కిందకి దించేద్దామా అనుకున్నాడు.

అప్పుడు చెవి పక్కనే ఆ శ్రుతి స్వరం వినపడింది. ఇందాకటి నుంచీ ఉన్నదే. వేగం పెరిగినప్పుడు పెరగలేదు, ఈలలేసినప్పుడు ఉప్పొంగలేదు. మొదలెట్టినచోట ఎలా ఉందో అలాగే ఉంది. కానీ ఇప్పుడు దగ్గరగా ఉంది. రాఘవులు తల తిప్పి చూశాడు. కుడిపక్క నిలబడాల్సిన భూషణం గురువుగారి వెనకగా నాలుగడుగులు వేసి, రాఘవులు భుజానికి భుజం ఆనించి నడుస్తున్నాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. బుగ్గలు నిండుగా ఉన్నాయి. కళ్ళు మాత్రం రాఘవులు ముఖం మీదే ఉన్నాయి, దారి తెలిసినవాడి కళ్ళలాగా.

రాఘవులు ఆ స్వరాన్ని పట్టుకుని మెల్లిగా దిగాడు, గోడ తడుముకుంటా మెట్లు దిగినట్టు. కింద కాలు ఆనింది. దస్తగిరి ముక్తాయింపు కొట్టాడు. జనం చప్పట్లు చరిచారు. అది జారటమని ఒక్కరికీ తెలియలేదు. ముందు వరసలో ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది.

తేరు చలవపందిరి దగ్గర ఆగింది. రాఘవులు అరుగు మీద కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. ఎవరికీ కనపడకుండా కండువా కింద దాచుకున్నాడు. భూషణం పానకం గ్లాసు తెచ్చి, వాడి చేతికివ్వకుండా తనే నోటికానించాడు. ఇద్దరి వణుకుకీ పానకం కాస్త ఒలికింది.

"గబగబా తాగమాక," అన్నాడు భూషణం. "ముందు చిన్న గుక్క. కాసేపాగి ఇంకో గుక్క. పోయిద్దిలే, నాకు తెలుసు."

రాఘవులు ఒక గుక్క తాగాడు. భూషణం ముఖంలోకి చూడలేక, ఆ మైనం పూసిన కర్ర వంక చూస్తా కూర్చున్నాడు.

కోటిలింగం గారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. నోట్లో పీక ఉంది. పూజారి ఎందుకో పిలిచినా పలకలేదు. కాసేపటికి పీక తీసి, కండువాతో తుడుచుకున్నారు.

"మొన్నేదో అడిగావు గదరా, పడిపోతే తప్ప నీ వంక చూడనా అని."

రాఘవులు గడ్డం మీద ఒలికిన పానకం అరచేత్తో తుడుచుకున్నాడు.

"ఇందాక మలుపు దగ్గర నేను చూళ్ళేదురా," అన్నారు గురువుగారు. "వాడు చూశాడు."