తదితరులు

కాకినాడలో ఒక చిన్న రేడియో స్టేషన్‌లో, తన పేరు గంటకు నాలుగుసార్లు చెప్పుకుంటూ, ఇతరుల పేర్లు రాయడానికి మాత్రం బద్ధకించే హిమజ అనే అనౌన్సర్ ఉండేది.

వేసిన ప్రతి పాటకూ ఎవరు పాడారో, ఎవరు వాయించారో ఆమె రోజూ పట్టీలో రాయాలి. అందులో పేరున్నవాళ్లకే డబ్బు వెళ్లేది. హిమజ గాయని పేరు రాసి, పక్కన "తదితరులు" అని పెట్టేసేది.

ఒకరోజు పేర్రాజు అనే ముసలాయన చేతికర్రతో మెట్లెక్కి వచ్చాడు.

"పొద్దున్నే వేస్తారే మేలుకొలుపు పాట, అందులో ఫిడేలు నాదేనమ్మా. ఐదేళ్లుగా వింటున్నాను, రూపాయి రాలేదు. గది అద్దె కట్టలేక ఫిడేలు అమ్మకానికి పెట్టాను."

"మీదేనని ఎలా నమ్మమంటారు తాతగారూ? అలా చాలామంది అంటారు."

"నిజమే. సాక్ష్యం చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు." ఆయన చేతికర్ర గోడకు ఆనించాడు. "పల్లవి అయ్యాక గాజుల చప్పుడొస్తుంది, విన్నావా? తంబుర మీటింది మా ఆవిడ సూరమ్మ. రికార్డు చేసినాయన గాజులు తీసి కూర్చోమన్నాడు. 'మా ఆయన పక్కనుండగా గాజులు తీయడమేమిటయ్యా, కావాలంటే ఇద్దరం లేచిపోతాం' అంది."

పదిరోజుల క్రితం ఆ చప్పుడు అడ్డొస్తోందని కంప్యూటర్‌లో చెరిపేసింది హిమజే. పాత రికార్డు దాచలేదు కూడా.

"ఈమధ్య అది వినబడట్లేదు," అన్నాడు పేర్రాజు. "రేడియో పాడైందేమోనని బ్యాటరీలు మార్చాను. ఆవిడ పోయి ఆరేళ్లు. ఇంట్లో ఆ చప్పుడొక్కటే మిగిలింది."

"నేనే తీసేశానండీ. మళ్లీ తేలేను," అంది హిమజ.

ఆయన తిట్టలేదు. చేతికర్ర కోసం తడుముకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

హిమజ వారంపాటు కూర్చుని ఐదేళ్ల పట్టీలూ తిరగరాసింది. రెండు నెలలకు డబ్బు వచ్చింది. ఫిడేలు అమ్మే అవసరం తప్పింది. ఆ మర్నాడు పాటకు ముందు ఆమె "ఫిడేలు పేర్రాజు, తంబుర సూరమ్మ" అని చదివింది. తన పేరు చెప్పలేదు.

తన అద్దెగదిలో పేర్రాజు సూరమ్మ పేరు విని రేడియోకు దగ్గరగా జరిగాడు. పల్లవి అయింది. గాజులు మోగాల్సిన చోట ఏమీ వినబడలేదు.

ఒకరి పనిని రోజూ వాడుకుంటూ వాళ్ల పేరు రాయకపోవడమంటే వాళ్ల కూలి ఎగ్గొట్టడమే. ఎగ్గొట్టిన కూలి ఎప్పటికైనా ఇవ్వొచ్చు గానీ, మనిషిని లేనట్టు చూసి చేసిన నష్టాన్ని పూడ్చలేం.