మబ్రూక్ కట్టని వేషం

హైదరాబాదు నగరంలో వైకుంఠరావు అనే ఉత్సవ నిర్వాహకుడు ఉండేవాడు. అతనికి కళలంటే ఎంత మోజో, కళాకారులంటే అంత చులకన.

ఒక ఏడు నగరోత్సవానికి ఏదైనా కొత్తదనం కావాలని అతనికి తోచింది. వెంటనే ఏసీ గార్డ్స్ బస్తీకి వెళ్ళాడు. పూర్వం తూర్పు ఆఫ్రికా నుండి వచ్చి, నిజాం కొలువులో అశ్వదళ సైనికులైన హబ్షీల వంశీకులు అక్కడ తరతరాలుగా నివసిస్తున్నారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే ఆ దళం పేరే కుదించుకుని బస్తీకి పేరైంది. పెళ్ళి ఊరేగింపుల్లో వారు వాయించే మర్ఫా అనే డప్పుల మేళం వినని వీధి పాతనగరంలో లేదు. ఆ మేళానికి నాయకుడు మబ్రూక్.

"ఈసారి మిమ్మల్ని పెద్ద సభామందిరంలో వేదిక ఎక్కిస్తాను" అన్నాడు వైకుంఠరావు.

మబ్రూక్ ముఖం వికసించింది. "సాబ్, మేము పెళ్ళికొడుకు గుర్రం ముందు నడుస్తూ వాయించేవాళ్ళం. జనం కదలకుండా కూర్చుని మా మర్ఫా వినడం మా అమ్మ ఇంతవరకు చూడలేదు. ఒక్కటే కోరిక. మొదలుపెట్టే ముందు, వీళ్ళు ఏసీ గార్డ్స్ వాళ్ళు, వీళ్ళ తాతలు ఈ ఊరికి కావలి కాశారు అని మైకులో చెప్పండి. అమ్మవాళ్ళ నాన్న ఆ దళంలో సిపాయి. ఆమె ఆ మాట వినాలి."

"అదెంత భాగ్యం!" అన్నాడు వైకుంఠరావు.

ఉత్సవం నాటి సాయంకాలం మబ్రూక్ బృందం మడత నలగని తెల్లని షేర్వానీలు ధరించి వచ్చింది. మందిరం వెనుక పెరట్లో చిన్న మంట వేసి, వాద్యాల తోలు వెచ్చబరచుకుంటోంది. అంతలో వైకుంఠరావు ఒక మూట తెచ్చి విప్పాడు. అందులో ఆకుల లంగాలు, ఎముకల దండలు, ఒక నల్లరంగు డబ్బా ఉన్నాయి.

"త్వరగా కట్టుకోండి. ఆఫ్రికా వేషం" అన్నాడు.

బృందంలో ఒకడు డబ్బా మూత తీసి చూశాడు. "ఈ రంగు ఎవరికి సాబ్? మాకా? దేవుడిచ్చింది చాల్లేదా?"

అందరూ నవ్వారు. మబ్రూక్ మాత్రం నవ్వలేదు. "మా తాత గుర్రమెక్కిన సిపాయి, సాబ్. ఆకులు కట్టుకుని వెళ్తే ఆ గుర్రమే ఆయన్ని కింద పడేసేది."

"చూడు మబ్రూక్! 'ఆఫ్రికా అడవి మనుషుల అద్భుత నృత్యం' అని ఊరంతా ప్రకటించాను. షేర్వానీలో వస్తే మీరు ఆఫ్రికావాళ్ళని ఎవరు నమ్ముతారు?"

"నేను నేనేనని నమ్మించడానికి వేషం కట్టాలా? మా అమ్మ ముందు వరసలో కూర్చుంది, సాబ్. ఆమెను అడవి మనిషి తల్లిని చేయమంటారా?"

"నువ్వు కాకపోతే ఇంకొకడు!" అని కసిరి వైకుంఠరావు వెళ్ళిపోయాడు. ఈ పట్టణాన్ని కాచిన సైనికుని సంతతికి ఎముకల దండ! ఈ అహంకారానికి ఏ పేరు పెట్టాలి?

అతడు ఉత్సవానికి సాయం వచ్చిన నలుగురు యువకులకు ఒళ్ళంతా నల్లరంగు పూయించి, ఆకులు కట్టించి వేదిక మీదికి తోలాడు. "సభాసదులారా! వీరు ఆఫ్రికా అరణ్యాల నుండి నిన్ననే దిగారు. మన భాష ఒక్క ముక్క రాదు" అని ప్రకటించాడు. యువకులు హో హో అంటూ ఎగిరారు. వారిలో ఒకని లంగా వదులైంది. అతడు మైకు పక్కనే కంగారుగా, "ఒరేయ్ గిరిధర్, ఆకులు ఊడుతున్నాయిరా, వెనక పట్టుకో!" అన్నాడు.

సభ గొల్లుమంది. నవ్వు తగ్గేవరకు ఆగి, మబ్రూక్ తల్లి హలీమాబీ లేచి నిలిచింది.

"బాబూ, ఇప్పుడు మీరు దేన్ని చూసి నవ్వారు? ఆ ఆకుల్ని చూసైతే నేనూ నవ్వుతాను. ఆ రంగును చూసైతే, ఆ రంగు నాది. ఇటు తిరిగి నా మొహం చూసి నవ్వండి."

వేదికపై ఎగిరేవారు సిగ్గుతో తెర వెనక్కి తప్పుకున్నారు. అప్పుడొక ఇల్లాలు, "మా అమ్మాయి పెళ్ళిలో వాయించిన మబ్రూక్ ఏడీ? అతన్ని పిలిపించండి!" అని కేక వేసింది. సభ అంతా అదే మాట అందుకుంది.

వైకుంఠరావు చెమటలు తుడుచుకుంటూ పెరట్లోకి పరుగెత్తాడు. వాళ్ళు అప్పటికే మంట ఆర్పి, వాద్యాలు ఆటోలో ఎక్కిస్తున్నారు.

"మబ్రూక్ భాయి! షేర్వానీతోనే రా. నీ పేరు చెబుతాను, మీ తాత పేరూ చెబుతాను. నా పరువు కాపాడు!"

"తోలు చల్లారింది, సాబ్" అన్నాడు మబ్రూక్. "మళ్ళీ వెచ్చబరచవచ్చు. కానీ మీరు నా పేరు మీ పరువు కోసం పలుకుతారు. మా తాత పేరు అందుకు అరువివ్వను."

అతడు తల్లిని పిలుచుకుని ఆటో ఎక్కించాడు. ఏ మాట కోసం ఆమె అంత ఆశతో వచ్చిందో, ఆ మాట వినకుండానే ఇల్లు చేరింది. అందుకు కారకుడైన వైకుంఠరావును ఉత్సవసమితి తొలగించింది. మరుసటి ఏడు కొత్త నిర్వాహకుడు బస్తీకి వెళ్ళి ఎంత బతిమాలినా, ఆ వేదికపై వాయించడానికి మబ్రూక్ ఒప్పుకోలేదు.

నీతి: సాటి మనిషి చరిత్రను వేషంగా మార్చి ఆడించడం కళ కాదు, అవమానం. ఒకరి కళను గౌరవించదలచినవారు ముందు వారిని వారిగా గౌరవించాలి.